గొర్రెలు తొక్కిన గుంట

మొదటి పది రోజులూ ఆ కొండ మీద నేను ఎక్కడ బరమా దించినా ఒకటే చప్పుడు. ఖంగు! జానెడు మన్ను, దాని కింద నాపరాయి. ఇరవై అడుగులు పక్కకు జరిగి మళ్లీ దించితే మళ్లీ ఖంగు. అరచేతుల్లో బొబ్బలు లేచి, చితికి, మళ్లీ లేచాయి. నోటుబుక్కులో మాత్రం దాదాపు ప్రతిచోటా ఒకే మాట: నల్ల బంకమన్ను, లోతు జానెడు, కింద రాయి.

మట్టి సర్వేలో అది నాకు మొదటి ఉద్యోగం, ఏడాది కాంట్రాక్టు. దుర్గి దాటాక మాచర్ల వైపు వరసగా కనిపించే గుట్టల మీద, పంటలు పండని మేత బీళ్లలో, మన్ను ఎంత లోతు ఉందో ఎలాంటిదో చూసి మ్యాపులో రంగులు నింపాలి. ఆఫీసు జీపు పొద్దున్నే గుట్ట కింద దింపి సాయంత్రం వచ్చి ఎక్కించుకునేది. మధ్యలో నేను, వడ్రంగి బరమాకు పెద్దక్కలా ఉండే ఆ ఆరడుగుల ఇనప బరమా, రెండు నీళ్ల సీసాలు, ఒక చిన్న ఆసిడ్ సీసా.

నరసరావుపేటలో మాది పప్పుల కొట్టు. నేను వ్యవసాయం చదువుతానంటేనే మా అమ్మ ఆశ్చర్యపోయింది. చదివాక ఫ్యాను కింద కుర్చీ ఉద్యోగం వస్తుందని సరిపెట్టుకుంది. తీరా చూస్తే ఇది. వారానికోసారి ఇంటికి వెళ్తే నా మొహం చూసి, "పెళ్లిచూపులకి ముందు నెల రోజులు సెలవు పెట్టు, లేకపోతే మన పిల్లేనని మేమే గుర్తు పట్టం" అనేది. మా నాన్న గుప్పెడు కందిపప్పు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నలిపి, అది ఏ వైపు సరుకో, ఎన్నాళ్లు నిలవ ఉన్నదో చెప్పేవాడు. నేను మట్టిని తడిపి వేళ్ల మధ్య సాగదీసి అందులో బంక ఎంతో చెబుతానని విన్నప్పుడు, "అయితే మన విద్యే" అని నవ్వాడు.

పదకొండో రోజు పొద్దున నేను బరమా పక్కన చతికిలబడి బొబ్బ మీద నీళ్లు పోసుకుంటుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏమే అమ్మాయ్, వారం నుంచీ చూస్తన్నా. ఈడ ఏం పోగొట్టుకున్నావ్?"

యాభై దాటిన మనిషి. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, నెత్తిన తువ్వాలు, కాళ్లకు టైరు చెప్పులు. వెనక అరవై దాకా గొర్రెలు. ఆ కొండ కింద ఊరిలోనే ఆమె ఇల్లు. భర్తకు మోకాళ్లు పట్టేశాక మందను ఆమే తిప్పుతోందని తర్వాత తెలిసింది. నేను మొదటి మాటకే అత్తా అన్నాను. ఎందుకో ఆ మనిషికి ఆ పిలుపే సరిపోతుందనిపించింది.

"పోగొట్టుకోలేదత్తా. మన్ను ఎంత లోతుందో చూస్తున్నా."

"దానికి ఇనప కడ్డీ ఎందుకే? జానెడు ఉండిద్ది. ఆ దిబ్బ కాడ జానెడున్నర. అంతే గదా?"

నేను నోటుబుక్కు తెరిచి చూసుకున్నాను. ఆ దిబ్బ దగ్గర నేను రాసుకున్నది సరిగ్గా జానెడున్నరే.

"నీకెలా తెలుసు?"

"గడ్డి చెప్పిద్ది. లోతు లేని కాడ గడ్డి కార్తీకానికే ఎండిద్ది. కాస్త లోతున్న కాడ సంకురాత్రి దాకా లాగిద్ది. నా జీవాలు ఏ నెలలో యాడ మేస్తయ్యో నాకు తెలవదా?"

జీవాలంటే మా వైపు గొర్రెలూ మేకలూ. పది రోజులుగా నేను చేతులు కాయలు కాచేలా సంపాదించిన లెక్కంతా ఆమె కాలి కింద ఎప్పటి నుంచో ఉంది. నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. ఒళ్లు ఝల్లుమంది. లేచి నిలబడి అడిగాను.

"అత్తా, ఈ కొండ మీద గడ్డి అన్నిటికంటే ఆఖర్న ఎండేది ఎక్కడ?"

ఆమె కర్రతో పైకి చూపించింది. "రెండు గుట్టల నడుమ ఒక పల్లం ఉంది. ఆడ గడ్డి గాదు, తుంగ మొలుస్తది. ఉగాది దాకా పచ్చగుంటది. నడువు, చూపిస్తా."

తుంగ! నీటి ఒడ్డున మొలిచే తుంగ, రాతి గుట్ట నెత్తిన!

నేను బరమా భుజాన వేసుకుని ఆమె వెనక దాదాపు పరుగెత్తాను. రేగుపొదలు చీరుకుంటున్నా పట్టించుకోలేదు. పల్లం చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. అది పెద్ద చోటేమీ కాదు, నాలుగు ఇళ్ల స్థలం ఉంటుందేమో. చుట్టూ నాపరాళ్లు అంచులు బయటపెట్టి ఉన్నాయి. నడుమ నేల మాత్రం నల్లగా, చేయి దూరేంత వెడల్పున నెర్రెలు విచ్చి ఉంది. ఎండిన తుంగ మొదళ్లు నెర్రెల అంచున గుబుర్లుగా కనిపించాయి.

"పోయినేడు ఒక గొర్రెపిల్ల కాలు ఇందులో ఇరుక్కుంది. తియ్యటానికి నా తాతలు దిగొచ్చారు" అంది అత్త.

బరమా దించాను. జానెడు. చప్పుడు లేదు. మూర. చప్పుడు లేదు. పైకి లాగి, దానికి చుట్టుకున్న మన్ను దులిపి మళ్లీ దించాను. మూడడుగులు. చెవి ఆ ఖంగు కోసమే ఎదురు చూస్తోంది. రాలేదు. నాలుగడుగుల దగ్గర మన్ను చల్లగా, చెమ్మగా వచ్చింది. మే నెలలో, చెప్పులు కాలే ఎండలో, చెమ్మ! అత్త కర్ర కింద పడేసి బరమా పిడికి ఒకవైపు పట్టుకుంది. ఇద్దరం తిప్పాం. ఐదడుగులు. ఐదున్నర. ఆరడుగుల బరమా పిడి నేలకు ఆనేదాకా దిగింది. అప్పుడు, అట్టడుగున, ఎక్కడో దూరంగా, మెత్తగా ఒక్క 'ఠక్'.

"ఆరడుగులు!" అని అరిచాను. అరిచి ఆమెను కావలించుకున్నాను. నా చేతుల మట్టి ఆమె చొక్కా నిండా అంటుకుంది.

"ఓసి నీ దుంపతెగ, బంగారం దొరికినట్టు చేస్తన్నావేంది!" అంది గాని ఆమె కూడా నవ్వుతోంది.

ఆ మధ్యాహ్నం ఒక బలుసు పొద నీడలో కూర్చుని ఆమెకు నాకు తెలిసింది చెప్పాను. ఆసిడ్ సీసా మూత తీసి నాపరాయి మీద రెండు చుక్కలు వేశాను. బుసబుసా నురగ వచ్చింది. ఆమె వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు వంగింది. వాన నీళ్లలోనూ చాలా పలచని పులుపు ఉంటుందని, వేల ఏళ్లుగా అది ఈ సున్నపు రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తోందని, కరిగినది నీళ్లతో పోగా కరగని మడ్డి మిగిలి ఈ నల్ల బంకమన్ను అయిందని చెప్పాను. కొండంతా జానెడే ఉండటానికి కారణం అదే. ఎంత రాయి కరిగితే ఇంత మన్ను మిగలాలి! పైగా కొంచెం పోగైతే చాలు, గట్టి వాన పల్లానికి ఈడ్చుకుపోతుంది. ఇక్కడ మాత్రం రాయి గిన్నెలా గుంట పడింది. చుట్టుపక్కల నుంచి జారిన మన్నంతా ఆ గిన్నెలో పడి నిలిచిపోయింది.

అత్త ఆ రాతిని కర్రతో తట్టి చూసింది. తర్వాత, "అయితే ఇన్నాళ్లూ నా జీవాలు మేస్తంది రాయినేగా" అంది. ఆ మాటకు ఇద్దరం పగలబడి నవ్వాం.

నవ్వు ఆగాక ఆమె అసలు సంగతి చెప్పింది. వేసవి వస్తే కొండ కింది కాలవకు నీళ్లు ఆపేస్తారు. కొండ మీద మేత కాస్తో కూస్తో ఉన్నా తాగటానికి చుక్క ఉండదు. మందను రోజూ కొండ దించి, అవతల బోరు తొట్టి దాకా నడిపించి, మళ్లీ ఎక్కించాలి. ఆ నడకకే జీవాలు సగం అయిపోతాయి. ఊరి వాళ్లు కొండ కింద రోడ్డు పక్కన రెండేళ్లలో రెండు గుంటలు తవ్వించారు. రెండిట్లోనూ నీళ్లు నిలవలేదు. మూడోది కూడా అక్కడే తవ్వబోతున్నారు. తవ్వే మిషను రేపోమాపో వస్తుంది.

"అక్కడ మన్ను ఎంత లోతు?" అని అడిగాను. అడుగుతూనే జవాబు నాకే తెలిసింది. అక్కడ నేను మూడు చోట్ల బరమా దించాను. మూడు చోట్లా ఖంగు. కింద నాపరాయి పగుళ్లు పగుళ్లుగా ఉంది. అందులో నీళ్లు పోస్తే జల్లెడలో పోసినట్టే.

"అత్తా, గుంట తవ్వాల్సింది ఇక్కడ" అన్నాను.

"ఆ మాట నేను చెబితే ఎవుడింటాడే? గొర్రెల ముసల్దాని మాట. నువ్వు చెప్పు. నీ చేతిలో పుస్తకముంది గదా."

మర్నాడు పొద్దున ఇద్దరం ప్రెసిడెంటు గారి ఇంటికి వెళ్లాం. ఊరికి పెద్ద రైతు, పంచాయతీ ప్రెసిడెంటు. తెల్ల చొక్కా, గేటు దగ్గర బుల్లెట్ బండి. నా నోటుబుక్కు చేతిలోకి తీసుకుని రెండు పేజీలు తిప్పి తిరిగి ఇచ్చేశాడు.

"చూడమ్మాయ్. నువ్వు చదువుకున్నావు, కాదన్ను. రోడ్డు పక్కనైతే పదిమందికి కనపడిద్ది. పైకి మిషను ఎక్కాలంటే దారి చెయ్యాల. అంత కష్టపడి తవ్వాక ఆడా నిలవలేదనుకో, ఊళ్లో నా మొహం ఏడ పెట్టుకోవాల?"

"కింద రెండుసార్లు నిలవలేదు కదండీ."

"వానలు సరిగ్గా పడలా. అందుకని నిలవలా."

నాకు వాదించడం రాదు. కొట్లో పెరిగినదాన్ని. మాకు తెలిసిందల్లా సరుకు చూపించడం.

"అయితే పరీక్ష పెడదామండీ" అన్నాను. "కింద ఒక గొయ్యి, పైన ఒక గొయ్యి. రెండూ ఒకే కొలత. రెండిట్లో సమానంగా నీళ్లు పోద్దాం. ఎందులో నిలుస్తాయో మీరే చూడండి."

ఆయన మీసం కింద నవ్వాడు. పందెం అనేసరికి మా పల్నాటి వాళ్లకు ఉత్సాహం ఆగదు. "సరే, చూద్దాం పద" అన్నాడు.

సాయంత్రానికి ఊళ్లో సగంమంది అక్కడే ఉన్నారు. ఉపాధి పనికి వెళ్లే ఆడవాళ్లు మోకాలి లోతు గోతులు రెండు తవ్వారు, పైది నెర్రెలు లేని చోట చూసి. కింది గొయ్యి తవ్వినంతసేపూ గునపం రాతి మీద నిప్పులు రాల్చింది. ట్రాక్టరు మీద డ్రమ్ముతో నీళ్లు తెచ్చి, పై గోతికి అక్కడి నుంచి నెత్తిన మోసి, ఒక్కోదాంట్లో పది బిందెలు పోశారు. కింది గోతిలో పదో బిందె పోసేసరికే ఐదో బిందె లేదు. టీ తెచ్చిన మనిషి అందరికీ గ్లాసులు అందించేలోపు అడుగున రాయి తడిగా మెరిసింది, అంతే. జనం ఒక్కసారిగా "ఓ..." అన్నారు. ఎవరో పైనుంచి కేక వేశారు.

"ఈడ అట్టానే ఉన్నయ్ ప్రెసిడెంటు గారా! కదల్లా!"

ప్రెసిడెంటు గారు పంచె ఎగ్గట్టి కొండ ఎక్కాడు. పై గోతిలో నీళ్లు, గోధుమ రంగులో, నిండుగా. ఆయన ఒక పుల్ల గుచ్చి నీటి మట్టం దగ్గర గీత పెట్టి వెళ్లాడు. మర్నాడు తెల్లవారక ముందే ఒంటరిగా వచ్చి చూసుకున్నాడని అత్త చెప్పింది. నీళ్లు గీతకు ఒక్క వేలు కిందికి దిగాయట. ఆయన ఫోను చేసినప్పుడు నేనింకా మాచర్లలో నా గదిలో పళ్లు తోముకుంటున్నాను.

"అమ్మాయ్, మిషను పైకే పంపిస్తన్నా. నువ్వు దగ్గరుండాల" అన్నాడు. నేను బ్రష్ నోట్లో పెట్టుకునే గెంతాను.

మిషను దారి చేసుకుని ఎక్కడానికి ఒక రోజు పట్టింది. రెండో రోజు తవ్వకం మొదలైంది. అంత పెద్ద పసుపు తొండం నల్ల మన్నును తోడి గట్టు మీద పోస్తుంటే ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. మన్ను పైన బూడిద నలుపు, లోపలికి వెళ్లేకొద్దీ నిగనిగలాడే నలుపు. తొండం గీసిన చోట వెన్న కోసినట్టు నున్నగా మెరిసేది. నేను ప్రతి అడుగుకూ దిగి ఉండలు చేసి చూసుకుంటున్నాను. నాలుగడుగులు తవ్వి ఆపాలని, అడుగున రెండడుగుల బంక వదిలేయాలని మిషను నడిపే అతనికి పొద్దున్నే చెప్పాను. తలూపాడు.

మూడో రోజు మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేసరికి తొండం ఆగలేదు. గట్టు మీద నుంచి చూస్తే గుంట నడుమ నాలుగడుగులు దాటిపోయింది. పళ్లు ఇంకా కిందికి దిగుతున్నాయి.

"ఆపండి! ఆపండి!"

ఇంజను మోతలో అతనికి వినిపించలేదు. నేను గట్టు మీద నుంచి గుంటలోకి జారాను. జారుతూ ఒక చెప్పు పోయింది. రెండు చేతులూ పైకెత్తి తొండం ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. అతను గభాలున ఆపాడు. తొండం నాకు రెండు బారల దూరంలో ఊగుతూ నిలబడింది.

"పిచ్చా మేడమ్ నీకు! పక్కకి జరుగు!"

"నాలుగడుగులే అన్నాను కదా!"

"రాయి తగిలేదాకా తవ్వితేనే చెరువు మేడమ్! నేను ఎన్ని తవ్వలా! లోతుంటేనే గదా నీళ్లెక్కువ పట్టేది?"

"రాయి తగిలితే నీళ్లుండవు! ఈ బంకే మనకి కుండ అడుగు. నువ్వు కుండకి చిల్లు పెడుతున్నావు!"

అతను క్యాబిన్‌లో నుంచి దిగి వచ్చాడు. నేను బరమా దించి చూపించాను. తొండం ఆగిన చోట నుంచి రాయికి ఒక అడుగు మిగిలింది, అంతే. అతను వంగి ఆ లోతు చూశాడు. చెప్పు లేని నా కాలు చూశాడు. తర్వాత వెళ్లి గట్టు మీద పోసిన మన్నులోంచే మంచి బంక తీసి ఆ పల్లంలో మళ్లీ పోసి తొండం వీపుతో అదిమాడు. పోయిన చెప్పు కూడా ఎక్కడో మట్టిలోంచి అతనే వెతికి తీసి నా ముందు పెట్టాడు.

అక్కడి దాకా అన్నీ నేను అనుకున్నట్టే జరిగాయి. తప్పు ఆ తర్వాత జరిగింది. అది నాదే.

గుంట తయారయ్యేసరికి రోహిణి కార్తె. ఆ ఎండలో పదిహేను రోజులు గుంట నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ రోజుల్లో నన్ను మాచవరం వైపు వేరే గుట్టకు పంపారు. ఎండితే పగలడం, తడిస్తే ఉబ్బడం ఈ మన్ను స్వభావమని పుస్తకంలో చదివినదాన్ని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అడుగున తడిగా మెరిసిన బంక ఆకాశానికి ఎదురుగా పడి ఉంటే ఏమవుతుందో మాత్రం ఒక్కరోజూ ఆలోచించలేదు.

మృగశిర వచ్చిన మూడో రోజు గట్టి వాన పడింది. సాయంత్రం అత్త ఫోను చేసింది. "నిండతందే అమ్మాయ్! సగానికి వచ్చింది!" వెనక గొర్రెల అరుపులు, జనం కేకలు వినిపించాయి. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే బయలుదేరి, దిగి, కొండ ఎక్కి చూస్తే గుంట అడుగున బురద ఉంది. నీళ్లు లేవు. నెర్రెలు తాగేశాయి. కొన్ని నెర్రెలు ఇంకా బుడగలు వదులుతున్నాయి.

గట్టు మీద పదిమంది నిలబడి ఉన్నారు. ప్రెసిడెంటు గారు నా వైపు చూడలేదు. "మూడోది కూడా అయిపాయె" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. ఎవరో నవ్వారు. ఈ తప్పు నాదని, నెర్రెల సంగతి నేను మర్చిపోయానని ఆయన ఎదురుగా వెళ్లి చెప్పాను. ఆయన విని, "తప్పు ఒప్పుకుంటే నీళ్లొస్తయ్యా అమ్మాయ్?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

అప్పుడు అత్త గుంటలోకి దిగింది. టైరు చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి, చీర ఎగదోపి, బురదలో మడమతో గట్టిగా తొక్కింది. ఇంకోసారి తొక్కింది. వంగి ఆ చోటు తడిమి చూసింది.

"అమ్మాయ్, ఇటు రా! ఇది చూడు!"

దిగాను. ఆమె మడమ తొక్కిన చోట నెర్రె లేదు. మూసుకుపోయింది. బంక రెండు వైపుల నుంచీ వచ్చి అతుక్కుపోయి, అప్పడాల పిండిలా నున్నగా ఉంది.

"దీని దప్పిక సగం తీరింది. ఉబ్బతంది. ఇప్పుడు తొక్కాల. ఎండక ముందే తొక్కాల."

"ఇంత పెద్ద గుంట ఎవరు తొక్కుతారత్తా? మళ్లీ మిషను..."

"మిషను ఎందుకే? నాలుగు కాళ్ల మిషన్లు ఊళ్లో వెయ్యికి పైగా ఉన్నయ్!"

నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. గొర్రె గిట్ట చిన్నది, సూదిగా ఉంటుంది, ఒళ్లు బరువంతా దాని మీదే. రోడ్లు వేసే వాళ్ల దగ్గర ఇనప మేకులున్న రోలరు ఉంటుంది. గొర్రె కాలిని చూసే దానికి 'గొర్రె కాలి రోలరు' అని పేరు పెట్టారని కాలేజీలో చెప్పారు. అదంతా ఒక్కసారిగా గుర్తొచ్చి, "అత్తా, పిలువు! అందర్నీ పిలువు!" అని అరిచాను.

గంటన్నరలో నాలుగు మందలు కొండ ఎక్కాయి. ప్రెసిడెంటు గారే స్వయంగా బుల్లెట్ మీద పక్క వీధుల మందల వాళ్లను కేకేసి పంపాడు. గొర్రెలు గుంట అంచు దాకా వచ్చి మొండికేశాయి. బురదలో దిగవు. అత్త తన మందలో పెద్ద పొట్టేలును మెడ పట్టుకుని ముందు దింపింది. అది రెండడుగులు వేసి తిరిగి చూసింది. ఆమె నోటితో ఒక చప్పుడు చేసింది, నాలుకను అంగిటికి కొట్టి. అంతే, పొట్టేలు కదిలింది. దాని వెనక ఆమె మంద కదిలింది. దాని వెనక అన్నీ!

ఆ దృశ్యం నేను ఎలా చెప్పను! గుంట నిండా గొర్రెలు. గుండ్రంగా, గానుగ తిరిగినట్టు, ఒకదాని వీపు మీద ఒకటి మూతి ఆనించి తిరుగుతున్నాయి. గిట్టలు బురదలో దిగి పైకి వచ్చేటప్పుడు చప్ చప్ చప్ చప్ అని వాన కురిసినంత చప్పుడు. నడుమ అత్త, ఆమె పక్కన నేను, చుట్టూ మందల వాళ్లు "హోయ్! హోయ్!" అంటూ. నేనూ అరిచాను. మోకాళ్ల దాకా బురద, జుట్టులో బురద, నోట్లో బురద. మూడుసార్లు పడ్డాను. మూడోసారి లేపింది ప్రెసిడెంటు గారు. ఆయన తెల్ల చొక్కా అప్పటికి తెల్లది కాదు. "ఇట్టా అవుద్దనుకుంటే లుంగీ కట్టుకొచ్చేవాణ్ణి!" అంటున్నాడు. గట్టు మీద ఆడవాళ్లు నవ్వి నవ్వి కూలబడ్డారు.

మధ్యాహ్నం దాకా తొక్కించాం. మందలు మార్చుకుంటూ ఆ మర్నాడూ తొక్కించాం. ఎండిపోతున్న చోట బిందెలతో నీళ్లు చల్లించాం. రెండో రోజు సాయంత్రానికి గుంట అడుగు పెనంలా గట్టిగా, లెక్కలేనన్ని గిట్టల గుర్తులతో ఉంది. నేను వేలితో గుచ్చి చూశాను. వేలు దిగలేదు. ఈసారి అది ఎండకుండా గట్టు చుట్టూ మిగిలిన ఎండు తుంగ కోసి, రెల్లు తెచ్చి పైన కప్పించాను. ఒక తప్పు రెండుసార్లు చేయకూడదు కదా.

తొమ్మిది రోజులు ఆకాశం చూస్తూ గడిచాయి. అమ్మకు ఫోను చేస్తే వేరే మాట లేదు. "అక్కడ మబ్బు ఉందా?" అనే అడిగేదాన్ని. "నువ్వు పెళ్లి గురించి ఒక్కసారైనా ఇంత ఆత్రంగా అడిగావా?" అనేది అమ్మ.

ఆరుద్ర కార్తె మొదట్లో, పట్టపగలు, రెండు గుట్టలూ కనపడనంత వాన కురిసింది. ఈసారి నేను అక్కడే ఉన్నాను. అత్తా నేనూ ఒకే యూరియా సంచి గొంగళిలా కప్పుకుని గట్టు మీద కూర్చున్నాం. రాళ్ల మీద నుంచి నీళ్లు పాయలు పాయలుగా గుంటలోకి దూకాయి. కప్పిన తుంగ పైకి తేలింది. వాన వెలిశాక ఒక రాతిని గుర్తు పెట్టుకుని కూర్చున్నాం. గంటసేపు ఆ రాయి వైపు తప్ప ఎటూ చూడలేదు. నీళ్లు దాని నడుము దగ్గర ఉన్నాయి. అక్కడే ఉన్నాయి. చీకటి పడబోతుంటే జీపు డ్రైవరు కింద నుంచి హారన్ మీద హారన్ కొట్టాడు. నేను కదలలేదు.

"పోవే, రేపు నేను చూసి చెబుతా" అంది అత్త.

మర్నాడు పొద్దున ఆరు గంటలకే ఫోను మోగింది. "అట్టానే ఉన్నయ్." రెండో రోజు, "అట్టానే ఉన్నయ్." మూడో రోజు నేనే వెళ్లాను. రాతి నడుము దగ్గర నీళ్లు, అందులో ఆకాశం. అత్త మంద అప్పుడే పైకి వస్తోంది. ముందు పొట్టేలు ఆగింది, వాసన పట్టింది, పరుగందుకుంది. గుంట అంచున గొర్రెలన్నీ వరసగా ముందు కాళ్లు వంచి మూతులు నీళ్లలో పెట్టాయి. అన్ని జీవాలు ఒకేసారి తాగే చప్పుడు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. అత్త ఏడుస్తోంది. నేను చూసేసరికి కొంగుతో మొహం తుడుచుకుని, "ఏందే చూస్తన్నావ్, చెమట" అంది.

ఆ ఏడు వానలు అంతంతమాత్రమే. అయినా గుంటలో నీళ్లు నిలిచాయి. పక్క ఊరి మందలు కూడా వచ్చి తాగి వెళ్లేవి. ఆఫీసులో మా పెద్దసారు ఆ పల్లాన్ని మ్యాపులో వేరే రంగుతో గుర్తించమన్నాడు. మిగతా గుట్టల మీద కూడా ఇలాంటి గిన్నెలు వెతకమని, ముందు మందలు తిప్పే వాళ్లను అడిగి తర్వాత బరమా దించమని మా జట్టు అందరికీ చెప్పాడు. నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు.

శివరాత్రి దాటిన కొన్నాళ్లకు నేను నరసరావుపేట నుంచి మాచర్ల బస్సులో నిలబడి వస్తున్నాను. జనం కిక్కిరిసి ఉన్నారు. నడికుడి దాటాక ఫోను మోగింది. ఎలాగో చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మాయ్! మోకాలి లోతున ఇంకా ఉన్నయ్యే! చుట్టూ తుంగ మళ్లీ మొలిచింది, చానా మొలిచింది! ఇనపడతందా?"

"వినపడుతోందత్తా! మోకాలి లోతా? నిజంగా మోకాలి లోతా?"

బస్సంతా నా వైపు తిరిగింది. పక్క సీటులో పెద్దాయన ఒకాయన, "ఏందమ్మా, ఏమైంది?" అని కంగారుగా అడిగాడు. నేను ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. మాచర్ల వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.